సూర్యదేవి గుడిలో సగం ప్రదక్షిణం

ఆ రోజుల్లో కంప్యూటర్లకు సంవత్సరంలో చివరి రెండు అంకెలే తెలిసేవి. తొంభై తొమ్మిది తర్వాత సున్నా సున్నా వస్తే అది రెండు వేలో, పందొమ్మిది వందలో వాటికి తేల్చుకోవడం రాదు. దాంతో కరెంటు పోతుందని, విమానాలు రాలిపోతాయని, బ్యాంకుల్లో డబ్బు మాయమవుతుందని లోకమంతా హడలిపోయింది. లోకం హడలిపోవడం వల్ల బాగుపడ్డ కొద్దిమందిలో నేనొకణ్ణి. నేను ఇంజినీరును కాను. తెనాలిలో ఒక కోల్డ్ స్టోరేజీలో లెక్కలు రాసుకుంటూ, సెకండ్ హ్యాండ్ పుస్తకం ముందేసుకుని ఆ పాత ప్రోగ్రాములు రాసిన కోబాల్ భాష నేర్చుకున్నవాణ్ణి. (గురువు లేని విద్య కాబట్టి తప్పులు కూడా పూర్తిగా నా సొంతం.) ఆ భాష తెలిసిన దొరలందరూ రిటైరై గోల్ఫ్ ఆడుకుంటున్నారు గనక, సిడ్నీ పక్కన పారమట్టాలో ఒక చిన్న కంపెనీ నన్ను పిలిపించుకుంది. పెళ్ళైన కొత్త. మా ఆవిడ తెనాలిలోనే ఉండిపోయింది. నా కాంట్రాక్టు డిసెంబరుతో ఆఖరు. అది పొడిగిస్తే ఆవిడ ఇక్కడికి వస్తుంది, లేకపోతే నేను మళ్ళీ కోల్డ్ స్టోరేజీకి వెళ్తాను. మా కాపురం ఏ దేశంలో అన్నది అప్పటికింకా తేలని లెక్క.

ఆ లెక్క తేల్చవలసినవాడు జపానులో ఉన్నాడు. క్యూషూ దీవిలో నీటి పంపులు తయారుచేసే ఒక కంపెనీ మా ఖాతాదారు. వాళ్ళ లెక్కల విభాగం పెద్దకు డెబ్భైకి దగ్గర వయసు. ఆయన జేబులోంచి చిన్న గుండ్రటి ముద్ర తీసి ఎర్రసిరాలో అద్ది కొడితేనే అక్కడ ఏ పనైనా పని కింద లెక్క. అందుకే మేం ఆయన్ని ముద్ర తాతగారు అనుకునేవాళ్ళం. కొత్త సంవత్సరం తర్వాత కూడా ఆ పని పారమట్టాలోనే ఉంచాలో లేదో చెప్పేది ఆయనే. అక్టోబరులో, మేం సరిచేసిన ప్రోగ్రాముల ఆఖరి పరీక్షకి నన్నూ, నా ఫ్లాట్‌మేట్ హైదరాబాద్ భాయ్‌నీ పంపారు. మా మేనేజరు (ఏం చెప్పినా 'నో వరీస్' అనేవాడు, అదే ఆయన పేరు) మొదటిసారి కాస్త దిగులుపడ్డాడు. "జస్ట్ డోంట్ డూ ఎనీథింగ్ వియర్డ్, మేట్" అని నన్నొక్కణ్ణే చూస్తూ అన్నాడు. భాయ్ వైపు చూడలేదు.

పరీక్ష బాగానే జరిగింది. ముద్ర తాతగారు వారమంతా మా వెనక నిలబడి చూశారు. ఒక్కసారీ నవ్వలేదు, ముద్ర తియ్యలేదు. శనివారం మాత్రం దుభాషి అమ్మాయి వచ్చి, రేపు తాతగారు మిమ్మల్ని తమ ఊరి గుడికి తీసుకెళ్తారట అంది. సాయంత్రం తెనాలికి ఫోన్ చేసి చెప్పాను.

"సూర్యుడి గుడట. వీళ్ళకి సూర్యుడు ఆడమనిషి."

"ఎవరైతేనేం అండీ. మూడు ప్రదక్షిణాలు చేసి, నన్ను తీసుకెళ్ళే పని అయ్యేలా చూడమని దణ్ణం పెట్టుకోండి. రెండు చేసి మూడని చెప్పకండి."

"నేను లెక్క తప్పుతానా?"

"మీరు మధ్యలో ఆగిపోయే రకం. సగంలో వెనక్కి తిరిగారంటే అరిష్టం, చెప్తున్నా."

మర్నాడు కారు కొండల్లోకి ఎక్కుతుండగా తాతగారు ఆ గుడి కథ చెప్పారు, దుభాషి అమ్మాయి ఇంగ్లీషులో మాకు అందించింది. అమతెరాసు అనే సూర్యదేవి, తమ్ముడి ఆగడాలకు విసిగిపోయి ఒక గుహలోకి వెళ్ళి బండరాయి అడ్డం పెట్టేసుకుంది. లోకం చీకటైపోయింది. దేవతలందరూ ఏటి ఒడ్డున సమావేశమయ్యారు. వాళ్ళలో ఒకావిడ చిందులేస్తే మిగతావాళ్ళంతా పడీపడీ నవ్వారట. నేను లేకుండా వీళ్ళకింత నవ్వేమిటా అని సూర్యదేవి రాయి కాస్త జరిపి తొంగిచూసింది. అంతే, ఒక బలశాలి చెయ్యి పట్టి బయటికి లాగాడు, ఇంకొకరు ఆమె మళ్ళీ లోపలికి పోకుండా గుహకి అడ్డంగా తాడు కట్టేశారు.

"మన ప్రాజెక్టు గూడ గిదే గదన్నా" అన్నాడు భాయ్. "లైట్లు బంద్ గాకుండ జూసుడు."

నాకు మాత్రం వేరే సందేహం వచ్చింది. చీకటి ఎన్ని రోజులుందని అడిగాను. అమ్మాయి తాతగారిని అడిగింది. ఆయన ఏదో అన్నారు. "సూర్యుడు లేడు కాబట్టి రోజులు లేవు, అందుకని ఎవరూ లెక్కపెట్టలేదట" అంది. ఇంత సరైన సమాధానం నాకు జీవితంలో తక్కువసార్లు దొరికింది. ఈ పెద్దమనిషి దగ్గరే పనిచెయ్యాలని అప్పుడే అనుకున్నాను.

గుడి ముందర రాతి తొట్టి, దాని మీద వెదురు గరిటెలు. మెడ వంచి, కుడిచెయ్యి గోకర్ణంలా పట్టి, మూడుసార్లు తీర్థం పుచ్చుకుని, మిగిలిన తడి నెత్తికి రాసుకున్నాను. పక్కనున్న ఒక కుటుంబం గరిటెలు కిందపెట్టి నన్నే చూసింది. అది తాగే నీళ్ళు కాదట, చేతులు కడుక్కుని, నోరు పుక్కిలించే నీళ్ళట. భాయ్ మాత్రం నిమ్మళంగా ఎడమచెయ్యి, కుడిచెయ్యి కడిగి, పుక్కిలించి, పక్కకి ఉమ్మి, గరిటెని యథాస్థానంలో పెట్టాడు. తాతగారు మెచ్చుకోలుగా తల ఊపారు.

"ఎక్కడ నేర్చుకున్నావు?" అన్నాను.

"నేర్సుకునేదేముందన్నా, దినాం ఐదుసార్లు కడుగుతనే ఉన్న గద. మొక్కుడు నీ డిపార్ట్‌మెంట్. నేనీడ కూసుంట, నువ్వు పోయిరా."

తాతగారు, అమ్మాయి ముందు నిలబడి రెండుసార్లు వంగి, రెండుసార్లు చప్పట్లు కొట్టి, ఇంకోసారి వంగారు. నేనూ అలాగే చేసి, ఇక అసలు పనిలోకి దిగాను. గుడిని కుడిచేతి వైపు ఉంచుకుని, చేతులు జోడించి, గులకరాళ్ళ మీద కరకరలాడుతూ ప్రదక్షిణం మొదలుపెట్టాను. మన గుళ్ళలో కిక్కిరిసి ఉండే వెనకవైపు ఇక్కడ ఒక్క మనిషి లేడు. అదృష్టమనుకున్నాను. మధ్యలో గడ్డితో పేనిన లావుపాటి తాడు, దానికి తెల్లకాగితాలు. క్యూ కోసం కట్టి ఉంటారని వంగి దాటాను. ఎదురుగా లోయ, కింద ఏరు, అవతలి ఒడ్డున చెట్లలో నల్లగా ఏదో సందు. అదే ఆ గుహ. పూజారి దగ్గరుండి తీసుకెళ్తే తప్ప ఎవరూ అడుగుపెట్టకూడని చోటు, దేవి మళ్ళీ లోపలికి పోకుండా కట్టిన తాటికి గుర్తుగా కట్టిన తాడు, అని తర్వాత తెలిసింది. అప్పుడు తెలిసిందల్లా, తెల్లబట్టల పూజారి ఒకాయన అరుచుకుంటూ వస్తున్నాడని.

ఆయన వెనక్కి వెళ్ళమని చెయ్యి చూపించాడు. నేను ముందుకు వెళ్తానని చెయ్యి చూపించాను. ఆయన రెండు చేతులూ అడ్డం పెట్టాడు. నేను నమస్కారం పెట్టి కదలకుండా నిలబడ్డాను. నా ఇబ్బంది ఆయనకు తెలియదు. నేను సరిగ్గా సగంలో ఉన్నాను. వెనక్కి తిరిగి నడిస్తే దేవి ఎడమచేతి వైపు పడుతుంది, అంటే అప్రదక్షిణం, అంటే తెనాలి కోల్డ్ స్టోరేజీ. తాతగారు, అమ్మాయి, చివరికి భాయ్ కూడా తాటికి అవతల చేరారు.

"అన్నా, వాపస్ రా! కాంట్రాక్ట్ ఖతమైతది!"

"వెనక్కి తిరగకూడదు భాయ్!"

"తిరగకు మరి! ఉన్నకాడికెళ్ళి రివర్స్‌ల రా!"

అతను విసుగుతో అన్న మాట. కానీ లెక్క నాకు వెంటనే కుదిరింది. ముందుకు సగం, వెనక్కి సగం, మొత్తం సున్నా. దేవి కుడిచేతి వైపే ఉంటుంది. పుణ్యం లేకపోయినా పాపం ఉండదు. చేతులు జోడించి, పూజారి మొహంలోకి చూస్తూ, ఒక్కో అడుగే వెనక్కి వెయ్యడం మొదలుపెట్టాను. పూజారి ఒక్కో అడుగే ముందుకు వేశాడు. తాడు కింద వెనక్కి వంగి దాటడంలో కూలబడ్డాను, లేచి మళ్ళీ వెనక్కే నడిచాను. బయల్దేరిన చోటికి వచ్చేదాకా తిరగలేదు. అప్పటికి అక్కడ ఓ మోస్తరు జనం పోగయ్యారు. ముద్ర తాతగారు మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, భుజాలు ఎగరేస్తూ, కళ్ళజోడు తీసి మరీ నవ్వుతున్నారు. ఆయన పళ్ళు చూడటం మాకదే మొదలు. పూజారి నవ్వలేదు. కాగితాల కుచ్చు కర్ర తెచ్చి నా మీద అటూ ఇటూ విదిలించాడు. శఠగోపమనుకుని తల వంచాను.

తిరుగు దారిలో తాతగారు మళ్ళీ మామూలు మొహం పెట్టుకున్నారు. ముద్ర కూడా వెయ్యలేదు. ఆలోచించి చెబుతామన్నారు. పారమట్టా చేరాక మా ఆవిడ అడిగింది.

"ఎన్ని చేశారు?"

"నికరంగా చూస్తే సున్నా."

ఆవిడ జరిగిందంతా మొదట్నుంచి చెప్పించుకుంది. ఐఎస్‌డీ మీటరు మాత్రం తిరుగుతూనే ఉంది.

సిడ్నీ గడియారం జపాను కంటే రెండు గంటలు ముందు. కొత్త సంవత్సరం మాకే ముందు వస్తుంది గనక, మా దగ్గర ఏం జరిగిందో చూసి వాళ్ళు జాగ్రత్తపడాలని ఏర్పాటు. ఏమీ జరగలేదు. అంత ఖర్చుపెట్టి ఏమీ జరగకుండా చేసినందుకు మమ్మల్ని ఎలా మెచ్చుకోవాలో ఎవరికీ తెలియలేదు. తెల్లవారి ఆఫీసు కిటికీలోంచి ఎండ పడుతుండగా ఫోన్ మోగింది. దుభాషి అమ్మాయి.

"తాతగారు అడుగుతున్నారు. అక్కడ సూర్యుడు బయటికి వచ్చాడా?"

"వచ్చాడండి."

అవతల ఏదో మాట్లాడుకున్నారు.

"పని మీ దగ్గరే ఉంచుతున్నారట. తప్పుగా వేసిన అడుగుల్ని వేసిన దారినే వెనక్కి తీసుకునేవాడు లెక్కలకి కావాలంటున్నారు." మళ్ళీ అటు విని, "తాడు మాత్రం దాటవద్దన్నారు" అంది.

భాయ్ అది విని, "గది నేన్ జెప్పిన ఐడియా" అన్నాడు. ఆ మాట ఇప్పటికీ ప్రతి పెళ్ళిలోనూ, ప్రతి బార్బీలోనూ (బార్బెక్యూ విందుకి ఇక్కడి ముద్దుపేరు) అంటూనే ఉన్నాడు. మార్చిలో మా ఆవిడ వచ్చేసింది. వచ్చి ఇన్నేళ్ళైనా, ఇక్కడ ఏ గుడికి వెళ్ళినా, నా ప్రదక్షిణాలు అయ్యాక, "ఆ జపాను మూడు?" అంటుంది. మళ్ళీ మూడు తిరుగుతాను. ఆ మూడు ఎప్పటికీ తీరవని, తీరినట్టు ఆవిడ ఒప్పుకోదని అర్థమైంది. గుడి వెనకవైపుకి వచ్చేసరికి ఆ తెనాలి కుర్రాడు గుర్తొస్తాడు. ఎంత దూరం వచ్చినా అంతే దూరం వెనక్కి నడిస్తే సరిపోతుందని ఎంత ధీమా వాడికి! ఎవరూ చూడటం లేదనుకున్నప్పుడు చేతులు జోడించి రెండడుగులు వెనక్కి వేసి చూస్తాను. మోకాళ్ళు ఒప్పుకోవు. వెనక మా అమ్మాయి కూడా ఉంటుంది. "నాన్నా, యు ఆర్ హోల్డింగ్ అప్ ద క్యూ" అంటుంది. సరేనని ముందుకే నడుస్తాను.