నోటికి అడ్డం పెట్టిన ఫైలు

రాజురాలో చెవి పరీక్షలకు చంద్రపూర్ నుంచి వచ్చిన ఆ నర్సమ్మ మీద నాకు మొదటి నుంచీ అనుమానమే. ప్రశ్న అడిగేముందు ప్రతిసారీ నోటికి ఫైలు అడ్డం పెట్టుకునేది. మా భూములు పోయాక, చాటుగా గొణిగేవాళ్లను చాలామందినే చూశాను.

నా ఎడమ పక్కన కూర్చుని ఫైలు ఎత్తింది.

"ఎదురుంగ మాట్లాడు. నా చెవులకేం కాలేదు," అన్నాను.

ఆమె ఫైలు దించింది. "పెదవులు చూసి చెప్తరని దాస్తున్న, దొరా. మీ పేరు మూడుసార్లు అడిగిన."

నమ్మలేదు. సెల్‌ఫోన్ కలిపి నా ఎడమ చెవికి ఆనించింది.

"నాగపూర్ డాక్టర్ సాబ్ మాట్లాడుతుండు, వినుండ్రి."

"లైన్ల ఎవ్వరు లేరు. ఎవర్ని మోసం చేస్తున్నవ్?"

ఆమె ఫోను నా కుడి చెవికి మార్చింది. "హలో, హలో" అంటూ డాక్టరు గొంతు చించుకుంటున్నాడు.

అప్పుడామె చిన్నబోయిన నా ముఖం చూడకుండా కిటికీ వైపు తిరిగింది.