ఇద్దరికని బుక్ చేసిన టేబుల్

నాకు కోపం వచ్చిందంటే మా ఇంట్లో వాళ్ళు ముందు షుగర్ చూసుకోమంటారు. అరవై దాటిన ఆడదానికి కోపం రావడానికి ఇంకో కారణం ఉండదని వాళ్ళ నమ్మకం. ఆ ఆదివారం నా షుగర్ నార్మల్‌గా ఉంది, పొద్దున్నే చూసుకున్నాను. కాబట్టి ఇప్పుడు చెప్పబోయేదంతా అచ్చమైన కోపమే.

మా పెళ్ళిరోజుకి మా అమ్మాయి ఒక భోజనం బుక్ చేసింది. న్యూజెర్సీ దక్షిణాన ఒక ఇటాలియన్ కుటుంబం ద్రాక్షతోట వేసి, వైన్ చేసి, ఆ తోటలోనే రెస్టారెంట్ నడుపుతోంది. ఇటలీ పటంలో బూటు మడమ ఉన్నచోట వాళ్ళ తాతల ఊరు. ఆ ప్రాంతపు వంట తప్ప ఇంకేదీ వండరట. ఆ రోజుకి వాళ్ళు ఏది వండితే అదే తినాలి. ఒకటి తిన్నాక ఇంకొకటి తెస్తారు, తొందరపెట్టరు, సాయంత్రం దాకా కూర్చున్నా ఎవరూ లేవమనరు. అమ్మాయి అందుకే ఆ చోటు ఏరింది.

"అమ్మా, టేబుల్ ఫర్ టూ. ఓన్లీ నువ్వు, నాన్న. నో అంకుల్స్, నో ఆంటీస్. ప్రామిస్ చెయ్యి," అంది ఫోన్‌లో.

ప్రామిస్ చేశాను. ఆ భోజనం నాకెంత అవసరమో దానికి తెలుసు. మా ఆయన పిస్కాటవేలో మేమున్న ఇల్లు అమ్మేసి డల్లాస్ దగ్గర కొత్తగా కట్టిన కాలనీకి వెళ్ళిపోదామని నిర్ణయించేశారు. రిటైరైన తెలుగువాళ్ళ కోసమే కట్టిన కాలనీ అది. మూడు పూటలా భోజనం ఒక పెద్ద హాల్లో, అందరూ కలిసి. ఆయన స్నేహితులు అప్పటికే తలా ఒక ఇల్లు కొనేశారు, మాకూ ఒకటి ఎంచిపెట్టారు. ఇల్లు అమ్మిపెట్టే ఏజెంటు సోమవారం పొద్దున వస్తాడు. నాకు వెళ్ళడం ఇష్టం లేదు. ఆ సంగతి సోమవారంలోగా ఆయనకు చెప్పాలి, ఆయన వినాలి. నాకు కావలసింది ఇంతే.

ఇంట్లో చెప్పొచ్చుగా అంటారేమో. మా ఇంటి సంగతి మీకు తెలియదు. మేమిద్దరమే కూర్చుని భోంచేసిన పూటలు నాకు గుర్తులేవు. ఆయన గుండె డాక్టరు, నేను పాథాలజిస్టుని. ఆయనకు పొద్దస్తమానం మనుషులు కావాలి. నేను ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఒక గదిలో మైక్రోస్కోప్ ముందు ఒక్కదాన్నే కూర్చున్నాను, నాకది హాయిగా ఉండేది. అమెరికాకి కొత్తగా వచ్చిన రోజుల్లో జెర్సీ సిటీలో ఒకే అపార్ట్‌మెంట్లో ఆయనతో కలిసి ఉన్న స్నేహితులే ఇప్పటికీ ఆయనకు అన్నదమ్ములు. కాదనను. ఆ రోజుల్లో వాళ్ళు లేకపోతే ఆయన నిలదొక్కుకునేవారు కాదు. కానీ అప్పటి అలవాటు అలాగే ఉండిపోయింది. నేను రెండు కంచాలు పెట్టగానే "పోనీ వాళ్ళనీ రమ్మందామా?" అంటారు. వాళ్ళు వస్తారు. నేను చెప్పాలనుకున్నది ఆ పూటకి ఆగిపోతుంది. డల్లాస్ విషయం మూడు నాలుగుసార్లు ఎత్తాను. ప్రతిసారీ "అలాగే, తీరిగ్గా మాట్లాడుకుందాం" అన్నారు, ఆ వెంటనే ఎవరికో ఫోన్ చేశారు.

అందుకని ఆ ఆదివారం కోసం వారం రోజులు కాచుక్కూర్చున్నాను. ఏం చెప్పాలో వరుసగా అనుకున్నాను. దారిపొడవునా కార్‌లో ఆయన బ్లూటూత్‌లో ఎవరితోనో మాట్లాడుతూనే ఉన్నారు. పోనీలే, అక్కడికి వెళ్ళాక చూసుకుందాం అనుకుని ఊరుకున్నాను.

తోట బావుంది. ఎటు చూసినా వరసలు వరసలుగా తీగలు, మధ్యలో రాతి గోడల భవనం. పార్కింగ్ లాట్లో దిగానో లేదో నాలుగు కార్ల తలుపులు ఒక్కసారి తెరుచుకున్నాయి.

"సర్‌ప్రైజ్ వదినా!"

పన్నెండు మంది. పట్టుచీరలు, కుర్తాలు, ఒకావిడ చేతిలో ఎడిసన్‌లో మనవాళ్ళ పూలకొట్లో కట్టించిన గులాబీ దండలు. మా ఆయన మొహం వెలిగిపోతోంది. నాకు ఒళ్ళు మండిపోయింది. పక్కకి లాగి అడిగాను.

"ఏమండీ, ఇద్దరమే అని కదా అమ్మాయి చెప్పింది?"

"ఇద్దరమే వెళ్తే ఏం బావుంటుంది? ఇంత దూరం డ్రైవ్ చేసుకుని వచ్చి మొహమొహాలు చూసుకుంటామా? నేనే కాల్ చేసి పెద్ద టేబుల్ బుక్ చేశాను. నువ్వు హ్యాపీ అవుతావనుకున్నాను."

ఆ చివరి మాట ఆయన మనస్ఫూర్తిగానే అన్నారు. అదే నన్ను ఇంకా మండించింది. కావాలని చేసిన మనిషితో దెబ్బలాడవచ్చు, మనకి మేలు చేశాననుకునే మనిషిని ఏం చేస్తాం?

లోపల ఆ కుటుంబపు అమ్మాయి మా పేరు చూసి, మా పేరు మీదే ఇద్దరికి కిటికీ పక్కన ఇంకో టేబుల్ కూడా ఉందని, దాన్ని తీసేయమంటారా అని అడిగింది. మా ఆయన అప్పటికే స్నేహితుల వెనక వెళ్ళిపోయారు. ఉండనివ్వమన్నాను. ఎందుకన్నానో ఆ క్షణంలో నాకూ తెలియదు.

పెద్ద టేబుల్ దగ్గర జరగాల్సిందే జరిగింది. మగవాళ్ళంతా ఆ చివర, ఆడవాళ్ళంతా ఈ చివర. ఎవరూ చెప్పక్కర్లేదు, మన వాళ్ళు ఎక్కడ కూర్చున్నా నీళ్ళూ నూనె లాగా అలా విడిపోతారు. పెళ్ళిరోజు జరుపుకుంటున్న మొగుడూ పెళ్ళాం ఆ టేబుల్ రెండు కొసల్లో కూర్చున్నాం. ఆయన నవ్వు వినపడుతోంది, మాట వినపడటం లేదు.

మొదట ఎండు బీన్స్ మెత్తగా ఉడికించి మెదిపిన ముద్ద తెచ్చారు. పైన చేదుగా ఉండే ఆకుకూర, ఆలివ్ నూనె. మూడే మూడు వస్తువులు. నేను ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నాను. ఆ చేదు నాలుక మీద నిలబడి మెల్లగా తీపిలోకి దిగుతోంది. ఆ రోజు నాకు దక్కిన సుఖం ఆ ఒక్క ముద్దే. రెండోది ఎత్తేలోగా పక్కావిడ నా పళ్ళెం మీద కందిపొడి చల్లేసింది.

"అచ్చం మన ముద్దపప్పే వదినా, కారమే లేదు పాపం. నేను హ్యాండ్‌బ్యాగ్‌లో ఎప్పుడూ పెట్టుకుంటాను," అంది.

డబ్బా టేబుల్ పొడవునా చేతులు మారింది. అవతలి కొస నుంచి హాట్ సాస్ ఉందా అని ఎవరో కేకేశారు. వడ్డించే అమ్మాయి పళ్ళేల మీది ఎర్రపొడి చూసి, ఖాళీ గ్లాసులు తీసుకుని వెళ్ళిపోయింది. మన తిండి మీద నాకు చిన్నచూపేం లేదు, కందిపొడి లేకపోతే నాకూ ముద్ద దిగదు. కానీ ఎవరో తమ అమ్మమ్మ చేతివంట అని పెడితే ఒక్క పూట దాని రుచి దాన్ని చెప్పుకోనివ్వలేమా? నా పళ్ళెంలో చల్లేముందు నన్నొక్క మాట అడగరేం?

తర్వాత చిన్న చిన్న చెవుల్లా ఉన్న పాస్తా వచ్చింది. దాని రుచి నాకు గుర్తులేదు, ఎందుకంటే అప్పుడే డల్లాస్ మొదలైంది.

"వదినా, మీ విల్లా సరిగ్గా మా ఎదురే. పొద్దున్నే కాఫీకి నేనే వచ్చేస్తా," అంది ఒకావిడ.

"కిచెన్ చిన్నదని అనుకోకండి. ఎందుకసలు? హాల్లోనే కదా తినేది," అంది ఇంకొకావిడ.

"నేనింకా వస్తానని అనలేదు," అన్నాను.

అందరూ గొల్లున నవ్వారు. కందిపొడి ఆవిడ నా చెయ్యి నొక్కింది. "అన్నయ్యగారు అంతా చెప్పార్లే! మా ఆవిడకి ఇక్కడ ఒంటరిగా ఉండి ఉండి బోర్ కొట్టేసింది, డల్లాస్ అనగానే ఎగిరి గంతేసింది అన్నారు."

ఎగిరి గంతేశానట. నేను! నా నోటితో ఒక్క మాట అనకుండానే నా తరఫున ఆయన గంతులు కూడా వేసేశారు. చెవుల్లోంచి ఆవిర్లు వచ్చాయి. ఆయన అబద్ధమాడారని కాదు. మా ఆవిడకి ఇష్టమేనా అన్న ప్రశ్న ఆయన తనకి తానే వేసుకుని, తానే జవాబు చెప్పుకుని, ఊరంతా టముకు వేసేశారు. ఇన్నేళ్ళు పక్కన ఉన్న మనిషిని అడగాలన్న ఆలోచనే రాలేదు.

ఇంతలో దండలన్నారు. రెస్టారెంట్లో మిగతా జనం మా వైపు తిరిగి చూస్తుండగా మమ్మల్నిద్దరినీ పక్కపక్కన నిలబెట్టారు. ఆయన మెడలో దండ వేస్తూ చెవిలో అన్నాను, "మీతో ఇప్పుడే మాట్లాడాలి."

"ఫోటో, ఫోటో," అన్నారాయన పళ్ళ సందుల్లోంచి.

"వదినా, స్మైల్!"

నేను నవ్వలేదు. నా మెడలో దండ తీసి కుర్చీకి తగిలించి, తిన్నగా కిటికీ పక్కనున్న ఆ చిన్న టేబుల్ దగ్గరికి వెళ్ళి కూర్చున్నాను. రెండు గ్లాసులు, రెండు నాప్‌కిన్‌లు, బయట తీగలు. వడ్డించే అమ్మాయిని పిలిచి, అదిగో ఆ దండ వేసుకున్నాయన్ని ఒకసారి ఇక్కడికి రమ్మని చెప్పమన్నాను.

ఆయన కంగారుగా వచ్చారు. "ఏమైంది? షుగర్ డౌన్ అయిందా?"

"కూర్చోండి."

"అందరూ అక్కడుంటే..."

"కూర్చోండి."

కూర్చున్నారు, కుర్చీ అంచు మీద, మెడలో దండతో. మాటిమాటికీ వెనక్కి తిరిగి ఆ పెద్ద టేబుల్ వైపు చూస్తున్నారు. ఎందుకు పిలిచారు వాళ్ళని అని అడిగాను. గట్టిగా కాదు. గట్టిగా అడిగితే షుగర్ అంటారు.

ఆయన గ్లాసుని అటూ ఇటూ తిప్పారు. ఎప్పుడూ తడుముకోని మనిషి తడుముకున్నారు. "మనిద్దరమే ఉంటే ఏం మాట్లాడుకుంటాం? నాకేం తోచదు," అన్నారు.

వెక్కిరింపుగా అనలేదు. పేషెంటుకి రిపోర్టు చదివి చెప్పినట్టు, ఉన్నదున్నట్టు చెప్పారు. ఇన్నేళ్ళూ ఇంటికి వచ్చిన ప్రతి స్నేహితుడూ, పొద్దున్నుంచీ మోగే ఆ ఫోనూ, రేపు వెళ్ళబోయే ఆ భోజనాల హాలూ, అన్నీ ఇందుకన్నమాట. నాతో ఒంటరిగా మిగలకుండా ఉండటానికి.

"నాకు చాలా తోచాయి. వినడానికి ఎవరైనా ఉంటే చెబుదామనుకున్నాను," అన్నాను.

ఆయన నా వైపు చూశారు. ఏదో అనబోయారు కూడా. ఆ ఒక్క నిమిషం ఇంకాస్త సాగి ఉంటే ఏమయ్యేదో, దాని గురించి ఆలోచించడం మానుకున్నాను. ఎందుకంటే వెనక కుర్చీలు ఈడుస్తున్న చప్పుడైంది.

"ఏంటి బావా, లవ్ బర్డ్స్‌లా ఇక్కడ సెటిలయ్యారు? మేమేం పాపం చేశాం?" ఎవరి కుర్చీ వాళ్ళు ఈడ్చుకుంటూ, ఎవరి గ్లాసు వాళ్ళు పట్టుకుంటూ వచ్చేశారు. మా ఆయన జరిగి చోటిచ్చారు. జరుగుతూ ఆయన విడిచిన నిట్టూర్పు నేను విన్నాను. హమ్మయ్య అన్నట్టుంది అది. అంత కోపం నాకు జీవితంలో ఎప్పుడూ రాలేదు.

ఆయనకు నలుగురి మధ్యే వినపడుతుందంటే నలుగురి మధ్యే చెబుతాను అనుకున్నాను. లేచి నిలబడ్డాను.

"నేను డల్లాస్ రావడం లేదు. ఇల్లు అమ్మడానికి నేను ఒప్పుకోలేదు. ఈ మాట ఆయనతో ఒక్కరితో చెబుదామనే ఇంత దూరం వచ్చాను. కుదరలేదు."

కుర్చీలు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. ఒకాయన నవ్వబోయి మానేశాడు. మా ఆయన మొహం ఎర్రబడింది. చుట్టూ చూసి, గొంతు తగ్గించి, నాకు కంఠతా వచ్చేసిన ఆ మాట మళ్ళీ అన్నారు.

"సరేలే, ఇంటికెళ్ళాక తీరిగ్గా మాట్లాడుకుందాం."

ఆ ఇబ్బంది పోగొడదామని కాబోలు, కందిపొడి ఆవిడ పాపం మంచిమనసుతోనే అందుకుంది.

"అవునొదినా, ఎలాగూ ఇక్కణ్ణుంచి అందరం టీకి మీ ఇంటికే కదా వస్తున్నాం. అన్నయ్యగారు పొద్దున్నే పిలిచారు."

నేను మా ఆయన వైపు చూశాను. ఆయన తల దించుకుని దండలో ఒక రేకు తుంచుతున్నారు. ఆయన ముందున్న కారు తాళం తీసుకుని బయటికి నడిచాను. వాళ్ళ కార్లలో ఒక మనిషికి చోటుంటుందని నాకు తెలుసు, ఆయనకు ఎప్పుడూ ఉంటుంది. పార్కింగ్ లాట్లో కూర్చుని ఏజెంటుకి ఫోన్ చేసి సోమవారం రావద్దని చెప్పాను. ఇంటికి వెళ్ళి, తలుపు వేసుకుని, ఫోన్ ఆపేసి, అన్నం వండుకుని, వంటింటి టేబుల్ దగ్గర ఒక్కదాన్నే కూర్చుని తిన్నాను. ఆ సాయంత్రం వాళ్ళంతా టీ ఎవరింట్లో తాగారో నేను ఇప్పటికీ అడగలేదు.