డస్ట్ ఎలర్జీ అని చెప్పాను

నాలుగేళ్ళుగా ఒక మాట మోస్తున్నాను. ఇక నా వల్ల కావడం లేదు. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. ఏడాదికి రెండుసార్లు గుడిలో ఫాదర్ గారి ముందు మోకరించి పాపసంకీర్తనం చేస్తాను. అమ్మ మీద విసుక్కున్నానని చెబుతాను, పూజకు ఆలస్యంగా వచ్చానని చెబుతాను. ఇది మాత్రం చెప్పలేదు. చెప్పకపోతే దేవుడికి తెలియదనుకున్నానా? ఏమో, అనుకున్నట్టే ఉంది.

నేను విజయవాడలో ఒక ఆసుపత్రిలో డయాలిసిస్ నర్సుని. కిడ్నీలు పనిచేయనివాళ్ళు వారానికి మూడుసార్లు మా దగ్గరకు వచ్చి, నాలుగేసి గంటలు మిషను పక్కన పడుకుని, రక్తం శుభ్రం చేయించుకుని వెళతారు. వాళ్ళ ఒంట్లో తట్టుకునే శక్తి తక్కువ. మనకు మూడు రోజుల్లో పోయే జలుబు వాళ్ళను ఐసీయూ దాకా తీసుకెళుతుంది. అందుకే మా తలుపు మీద ఒక కాగితం ఉండేది. దగ్గు, జలుబు, జ్వరం ఉంటే లోపలికి రాకముందే చెప్పాలి, స్టాఫ్ అయితే అసలు డ్యూటీకే రాకూడదు. ఆ కాగితం రాసింది నేనే. అక్షరాలు గుండ్రంగా ఉంటాయని నా చేత రాయించారు.

అది డిసెంబరు మొదటి వారం. కరోనా భయం తగ్గి అందరి మాస్కులూ గడ్డాల కిందికి దిగిన కాలం. ఆదివారం సాయంత్రానికే ఒళ్ళు వెచ్చబడింది, గొంతులో గరగర. పడిశం పది రోగాల పెట్టు అంటూ అమ్మ కషాయం కాచి ఇచ్చి, రేపు వెళ్ళకే అంది. కానీ ఆ నెలలో సెలవు వాడుకున్నవాళ్ళకు క్రిస్మస్‌కి డ్యూటీ వేస్తారు. ఆ ఏడు గుడిలో ఒక పాట నేనొక్కదాన్నే పాడాలి. అంతే కారణం. ఇంతకన్నా పెద్ద కారణం ఏదైనా ఉంటే బాగుండునని ఎన్నిసార్లు వెతుక్కున్నానో. లేదు.

జ్వరం బిళ్ళ వేసుకుని వెళ్ళాను. గుమ్మం దగ్గర నుదుటికి పెట్టి చూసే మిషను నార్మల్ అంది. ఇన్‌చార్జి సిస్టర్ నా గొంతు విని, జలుబు చేసిందా అని అడిగారు. డస్ట్ ఎలర్జీ అండీ, అన్నాను. మా ఇల్లు ఆటోనగర్ పక్కనే, ఆ దుమ్ము సంగతి ఆవిడకూ తెలుసు, నమ్మేశారు. మా దగ్గర అందరూ అదే అంటారు. జలుబు అంటే ఇంటికి పంపుతారు, ఎలర్జీ అంటే పంపరు. అందరూ అంటారని ఇప్పుడు రాస్తున్నానే, ఇదీ ఒక సాకేనా? సాకే.

ఆ సోమవారం నా వంతుకు ముగ్గురు పేషెంట్లు. వాళ్ళలో ఒకరు మంగళగిరి నుంచి భార్యతో కలిసి బస్సులో వచ్చే నేత పని పెద్దాయన. నేను సూది పెడితే నొప్పి తెలియదని నా కోసమే అడిగేవారు. ఆయనకు చెవుడు, మాస్కులోంచి మాట్లాడితే అందదు. పైగా ముక్కు కారి నా మాస్కు తడిసిపోయింది. దాన్ని కిందికి లాగి, ఆయన ముఖం మీదికి వంగి, గట్టిగా మాట్లాడాను. క్రిస్మస్ పాట సంగతి ఆయనకు ముందే చెప్పి ఉన్నాను, గొంతిలా పోయింది, ఇక పాటేం పాడతావని నన్ను ఆటపట్టించారు. నవ్వాను. నవ్వు దగ్గులోకి దిగింది. పక్కకు తిరిగే దగ్గాను. ఎంత పక్కకు తిరిగానో మాత్రం గుర్తులేదు.

బుధవారం ఆయన వణుకుతూ వచ్చారు. పరీక్షలో ఫ్లూ అని తేలింది. శుక్రవారానికి ఇంకో ఇద్దరికి. హాల్లో అంతమంది ఉంటే జ్వరం వచ్చింది ఆ ముగ్గురికే, ఆ ముగ్గురికీ సోమవారం సూది పెట్టింది నేనే. నీ వల్లేనని ఎవరు తేల్చారు, నువ్వు పరీక్ష చేయించుకోలేదు కదా, అని నాలో ఒక లాయరు ఇప్పటికీ వాదిస్తూనే ఉంటాడు. ఎందుకు చేయించుకోలేదో ఆ లాయరుకీ తెలుసు. స్టాఫ్‌లో ఎవరికైనా బాగోలేదా అని సిస్టర్ అందరినీ నిలబెట్టి అడిగినప్పుడు తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. ఆ ముగ్గురి ఇళ్ళలో ఎవరికైనా జలుబు ఉందేమో కనుక్కుని రాయమని ఆవిడ నన్నే పంపారు.

పెద్దాయన భార్య దాచుకోకుండా చెప్పింది. ముందు ఆదివారం ఉయ్యూరులో కూతురింటికి వెళ్ళారట. నాలుగేళ్ళ మనవరాలికి ముక్కు కారుతోందట, తాత ఒళ్ళోనే పడుకుందట. అదంతా రాసుకున్నాను. రాస్తుంటే నాకు హాయిగా అనిపించింది. అవును, హాయిగానే అనిపించింది.

మిగతా ఇద్దరూ కోలుకున్నారు. పెద్దాయనకు నిమ్ము చేరి, తొమ్మిదో రోజున వెంటిలేటరు మీదే పోయారు. ఐసీయూ బయట ఆయన భార్య నా చెయ్యి పట్టుకుంది.

"మా బుజ్జిదాని వల్లేనా అమ్మా? వద్దంటున్నా నేనే తీసుకెళ్ళి ఆయన ఒళ్ళో కూర్చోబెట్టా."

"ఏం చేస్తామండీ. చిన్నపిల్లల దగ్గర్నుంచే ఎక్కువగా వస్తాయి."

ఓదార్చే గొంతుతోనే అన్నాను. ఆవిడ నాకు దణ్ణం పెట్టింది.

క్రిస్మస్‌కి పాడాను. బాగా పాడానన్నారు.

పోయిన నెల ఆవిడ బీపీ మందుల కోసం మా ఆసుపత్రికి వచ్చి, నన్ను వెతుక్కుంటూ పైకి వచ్చింది. ముఖానికి రెండు మాస్కులు. ఉయ్యూరు వెళ్ళడం మానేసిందట. వాళ్ళే వస్తే, మనవరాలు దగ్గరకు రాబోతే వద్దని వసారాలోకి వెళ్ళి కూర్చుంటుందట. పిల్ల మీద భయమో కోపమో తనకే తెలియడం లేదంది. కూతురు మాట్లాడటం తగ్గించింది. ఆ పిల్లకిప్పుడు ఎనిమిదేళ్ళు. తాతయ్య నా వల్లే చచ్చిపోయాడా అమ్మమ్మా, అని అడిగిందట. నువ్వు చదువుకున్నదానివి, దానికి ఏం చెప్పమంటావని నన్ను అడిగింది.

బీపీ చూసి, ఉప్పు తగ్గించమన్నాను. ఉద్యోగం పోతుందని భయమా? ఉంది. కానీ అంతకన్నా, ఆవిడ నన్ను ఇంకా అమ్మా అని పిలుస్తోంది, ఆ పిలుపు పోతుందని భయం. ఆ పిలుపు కోసం ఒక పసిపిల్ల నెత్తిన చావును పెట్టి నాలుగేళ్ళు చూస్తూ ఊరుకునే మనిషినని నాకు నేనే తెలుసుకోవడం నరకంగా ఉంది.

రేపు మంగళగిరి వెళతానని ఇక్కడ రాయను. రాస్తే వెళ్ళినంత పనీ అయిపోయిందని సర్దుకుంటాను, నా సంగతి నాకు తెలుసు. మీరు నన్ను క్షమించనక్కర్లేదు, అది మీ చేతిలో ఉన్నదీ కాదు. ఒక్కసారైనా పూర్తిగా రాయాలి, అంతే. ఆయనకు అంటింది ఆ పాప జలుబు కాదు. నాది. తెలిసే వెళ్ళాను. తెలిసే దాన్ని ఆ పిల్ల మీద వేశాను.

రాశాను. ఇన్నేళ్ళలో మొదటిసారి గుండె కాస్త తేలిగ్గా ఉంది. ఉయ్యూరులో ఆ పిల్లకు మాత్రం ఇంకా ఎవరూ చెప్పలేదు.