ప్యానెల్‌కు పెట్టిన బొట్టు

పద్మకుమారి సైన్సు టీచరు. నౌపడ ఉప్పుమళ్లు దాటి సముద్రం వైపు వెళితే వచ్చే ఒక పల్లె హైస్కూల్లో ఆరేళ్లుగా పనిచేస్తోంది. సొంతూరు నరసన్నపేట దగ్గర, వరి పండించే ఇల్లు. బడిలో చదివేది మాత్రం దాదాపు అందరూ చేపల వేట మీద బతికే ఇళ్ల పిల్లలే. తొమ్మిదో తరగతికి వచ్చేసరికి బెంచీలు ఖాళీ అవుతాయి. మగపిల్లలు బోట్ల మీదికి, ఆడపిల్లలు రొయ్యలు వొలిచే షెడ్లకు వెళ్లిపోతారు. వీళ్లు పాఠం వినరని స్టాఫ్‌రూంలో అంటూ ఉంటారు. వినదగ్గ పాఠం తాను చెబుతున్నానా అన్నదే పద్మకుమారి అనుమానం.

ఆ జూన్‌లో తొమ్మిదో తరగతి గదికి ప్యానెల్ వచ్చింది. గోడకు బిగించిన పెద్ద తెర. వేలితో గీస్తే గీత పడుతుంది, తాకితే బొమ్మ కదులుతుంది. మిగతా టీచర్లు అందులో వీడియోలు వేసి కూర్చునేవారు. పద్మకుమారి ఒక పని పెట్టింది. పుస్తకంలో భూపవనాలు, సముద్ర పవనాలు అని ఒక పాఠం ఉంది. ఆ గాలుల మీదే ఆధారపడి పడవ తోసేవాళ్లు ఊరినిండా ఉన్నారు. పిల్లలు నలుగురేసి జట్లుగా విడిపోయి, రోజూ వేట నుంచి వచ్చినవాళ్లను అడిగి, ఏ వేళకు ఏ గాలి వీచిందో ప్యానెల్ మీద గీయాలి.

ఈ పని కోసమే ఉష మళ్లీ బడికి వచ్చింది. వేసవి సెలవుల తర్వాత మానేసిన పిల్ల. వాళ్ల పెద్దమ్మ అప్పటికే రొయ్యల షెడ్డులో పనికి మాట్లాడి పెట్టింది. పద్మకుమారి రెండుసార్లు ఇంటికి వెళ్లి, గాలి సంగతి తెలిసిన మనిషి కూతురు లేకపోతే ఈ పని సాగదని చెప్పింది. అందులో అబద్ధం లేదు. ఉష తండ్రి లక్ష్ముడికి గాలి విషయంలో ఊళ్లో పేరుంది.

నలభై రోజులు దాటాక ఒక మధ్యాహ్నం లక్ష్ముడు బడికొచ్చాడు. గుమ్మం దగ్గరే చెప్పులు విడిచి, తెర ముందు నిలబడి చాలాసేపు చూశాడు.

"ఇదంతా నాను సెప్పిందేనా?"

"నువ్వు సెప్పిందే, అయ్యా" అంది ఉష.

"కాదే. ఇదిగో, ఈ రోజు గాలి మద్దినేలే తిరిగిపోనాది. మీరు సాయంత్రం అని గీసినారు. ఒసే, సెరుపు."

ఉష వేలితో చెరిపి మళ్లీ గీసింది. లక్ష్ముడు తన వేలు చూసుకుని, పంచెకు తుడుచుకుని, తనూ ఒకసారి తాకాడు. గీత పడింది. ఉలిక్కిపడి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

వెనక బెంచీలోంచి రాణి అందుకుంది. "మావా, నువ్వీడే ఉండిపో. మేడమ్‌ని ఏటకి పంపిద్దాం."

క్లాసంతా నవ్వింది. లక్ష్ముడూ నవ్వాడు. వెళ్లేముందు పద్మకుమారితో అన్నాడు: "పదో తరగతి అయినంతవరకు సదవనీండి మేడమ్. దాని పెద్దమ్మతో నాను సెప్పుకుంతాను."

ఆ ఏడాది ఆమె సాధించింది ఏదైనా ఉంటే ఆ మాటే.

పనులు పంచుకుంటే పిల్లలకు బాధ్యత తెలుస్తుందని ఆమె నమ్మకం. ఒక్కో జట్టుకు ఒక్కో వస్తువు అప్పగించింది. ప్యానెల్ ఉష జట్టుకు వచ్చింది. "ఇది బడిది అనుకోవద్దు. మీ ఇంటిదే అనుకోండి" అని చెప్పింది.

సెప్టెంబరులో జిల్లా విద్యాశాఖ వాళ్లు పిల్లల పనిని వీడియో కాల్‌లో చూస్తామని కబురు పెట్టారు. దానికి ముందు రోజు పద్మకుమారి నరసన్నపేటలో ట్రైనింగులో ఉంది. పిల్లల్ని జట్లుగా ఎలా పని చేయించాలో అక్కడ చెబుతున్నారు. ఇక్కడ ఉష జట్టు పొద్దున్నే వచ్చి గది ఊడ్చింది. ఆ ఊళ్లో కొత్త తెప్పను నీళ్లలోకి దించే ముందు పసుపు నీళ్లతో కడుగుతారు. బొట్లు పెడతారు. కొబ్బరికాయ కొట్టి ఆ నీళ్లు తెప్ప ముక్కు మీద పోస్తారు. అలా చేయకుండా ఏ వస్తువునూ పెద్ద పనికి దించరు. త్రినాథ్ కొబ్బరికాయ తెచ్చాడు, రాణి కుంకుమ తెచ్చింది. తెరకు పైనుంచి కిందికి చెంబుతో పసుపు నీళ్లు పోసింది ఉష. స్విచ్ వేసే ఉంది.

మర్నాడు పద్మకుమారి వచ్చేసరికి తెర నల్లగా ఉంది. నాలుగు మూలలా బొట్లున్నాయి. జట్టు నలుగురూ గోడకు ఆనుకుని నిలబడ్డారు.

"మీ ఇంటిదే అనుకోమన్నారు గదా మేడమ్" అంది ఉష.

పద్మకుమారి స్విచ్ ఆపి మళ్లీ వేసినా తెర వెలగలేదు. గాలుల గీతలన్నీ ప్యానెల్లోనే ఉన్నాయి. ఇంకెక్కడా దాచలేదు. వీడియో ఎదుట పిల్లలు నోటితో చెప్పారు, ఫోన్ సిగ్నల్ మధ్యలో పోయింది. అది పెద్ద నష్టం కాదు. అసలు నష్టం ఆ సాయంత్రం ఫిర్యాదు నింపేటప్పుడు జరిగింది. పాడవడానికి కారణం ఏమిటని ఫోన్లోని ఫిర్యాదు యాప్ అడిగింది. కింద నాలుగు కారణాలు ఉన్నాయి. పద్మకుమారి 'నీరు పడింది' అన్నదాన్ని నొక్కింది.

హెడ్మాస్టరు జగన్నాధం తల పట్టుకున్నాడు. "ఎంత పని సేసేవమ్మా! కరెంటు హెచ్చుతగ్గులు అని నొక్కితే ఎవడూ అడగడు. ఇప్పుడు ఎవరు పోసేరు, తల్లిదండ్రులెవరు, సంతకాలతో పంపమంటన్నారు."

"నా నిర్లక్ష్యం అని నేను రాసిస్తాను సార్."

"నువ్వు ఆ పూట నరసన్నపేట ట్రైనింగు హాజరులో సంతకం పెట్టేవు. అదీ ఆళ్ల దగ్గరుంది."

తండ్రులను పిలిపించారు. మిగతావాళ్లు తమ పిల్లలు కాయా కుంకుమా తెచ్చారంతే అన్నారు. అది నిజమే. లక్ష్ముడు ఒడ్డు నుంచి తడి బట్టలతోనే వచ్చాడు. తన కూతురే నీళ్లు పోసిందని రాసి ఉన్న కాగితం చదివించుకుని, సంతకం పెట్టాడు.

ఒడ్డున నాలుగు రోజులు అదే మాట. "లక్ష్ముడి కూతురు గవర్నమెంటు టీవీకి తలంటు పోసినాదట్రా!" "జలుబు సేసి సచ్చిపోనాదట!" ఐదో రోజు నుంచి ఉష రాలేదు.

పద్మకుమారి వాళ్లింటికి వెళ్లింది. లక్ష్ముడు వల బాగుచేస్తూ తలెత్తలేదు.

"తప్పు నాది. ఆ కాగితం నావల్ల వచ్చింది. పిల్లను పంపండి."

"మీ మీద కోపం నేదు మేడమ్. మీరు నిజమే రాసినారు. ఆ నిజం మీద నాను సంతకం ఎట్టినాను. ఇంక ఆ బడిలో అది ఏ మొకం ఎట్టుకుని కూకుంతాది? నాను ఏ మొకం ఎట్టుకుని వస్తాను?"

"పదో తరగతి దాకా అన్నారు."

"అన్నాను." సూది ఆగలేదు.

ఆమె బాలల హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేసింది. ఇద్దరు వచ్చి పేరు రాసుకున్నారు. పిల్ల ఇంటి పని చేసుకుంటోందని పెద్దమ్మ చెప్పింది. వాళ్లు అదీ రాసుకుని వెళ్లారు. రొయ్యల షెడ్డు వ్యాను తెల్లవారకముందే వచ్చి ఉషను ఎక్కించుకుని పోతుందని ఊళ్లో అందరికీ తెలుసు.

నవంబరులో ఒక శనివారం ఉష బడికి వచ్చింది. ఎనిమిదో తరగతిలో ఇచ్చిన ట్యాబ్ తిరిగి ఇవ్వడానికి. వేళ్ల చివర్లు తెల్లగా నాని, చర్మం లేచిపోయి ఉన్నాయి.

"పొడి గుడ్డతోనే తుడిసినాను మేడమ్" అంటూ బల్ల మీద పెట్టింది.

పద్మకుమారి రిజిస్టరు తెరిచింది. పేరు, తరగతి, ట్యాబ్ నంబరు రాసింది. మానేయడానికి కారణం అన్న గడి దగ్గర పెన్ను ఆగింది. ఉష ఎదురుగా నిలబడి ఆ గడినే చూస్తోంది.

"ఏటి రాస్తారు మేడమ్?"

ఆమె ఆ గడి ఖాళీగా వదిలేసి, సంతకం చేయాల్సిన చోటు చూపించింది. ఉష వంగి, నాని మొద్దుబారిన వేళ్ల మధ్య పెన్ను నిలవక రెండుసార్లు మార్చి పట్టుకుని, పేరు రాసింది.