నకలు తీయని డిస్కు

మా వీధిలో తిప్పన్నకు కంప్యూటర్ ఇచ్చినవాళ్ళెవరూ దాన్ని ఆ రోజే వెనక్కి తెచ్చుకున్న దాఖలా లేదు. ధర్మవరంలో పట్టుచీరల అంగళ్ళ వెనక సందులో ఆయన రిపేరు దుకాణానికీ నా జిరాక్స్ దుకాణానికీ మధ్య ఉన్నది ఒకటే గోడ. పదేళ్ళుగా ఆ గోడ ఇవతల కూర్చుని ఆయన నిదానం చూసి పళ్ళు కొరుక్కుంటున్నాను. ఒక స్క్రూ విప్పాలంటే ముందు అది ఎక్కడిదో గళ్ళ నోట్‌బుక్కులో గుర్తు వేసుకుంటాడు. గుర్తు వేసిన పెన్సిల్‌ని మళ్ళీ చెవి మీద పెట్టుకున్నాకే స్క్రూడ్రైవర్ వెతుక్కుంటాడు. చూసేవాళ్ళకు ప్రాణం విసిగిపోతుంది.

ఆయన మొదట చేసిన పని అట్టలు కొట్టడం. మగ్గం పైన పోగులు లేపి డిజైన్ తెప్పించే చట్రం జకార్డు, దానికి దండలాగా వేలాడే అట్టలుంటాయి. వాటిలో ఒక్కో చిల్లు ఒక్కో పోగును లేపుతుంది. గళ్ళ కాగితం మీది బొమ్మ చూసి ఆ చిల్లులు కొట్టాలి. ఒక చిల్లు తప్పితే చీర పొడుగునా ఆ తప్పు నడుస్తుంది. పదిహేనో ఏట మొదలుపెట్టి ఇరవై ఏళ్ళు అదే పనిలో ఉన్నాడు. తర్వాత ఎలక్ట్రానిక్ జకార్డులు వచ్చాయి. పెన్‌డ్రైవ్ గుచ్చితే పోగులు వాటంతటవే లేస్తాయి. అట్టలు కొట్టేవాళ్ళలో కొందరు ఆటోలు కొనుక్కున్నారు, కొందరు బెంగళూరు పోయారు. తిప్పన్న మాత్రం తన పొట్ట కొట్టిన యంత్రాన్నే విప్పి లోపల ఏముందో చూశాడు. రిపేరు నేర్చుకోవడానికి మూడేళ్ళు పట్టింది. ఆయన సంగతి తెలిసినవాళ్ళెవరూ ఆశ్చర్యపోలేదు.

అట్టల నాటి నియమం ఒకటి ఆయనతోనే వచ్చింది. మంచి డిజైనుకు అట్టలు కొడితే, ఇంకో జత కూడా కొట్టి, అసలు జతను అటక మీద దాచి, నకలునే మగ్గానికి ఎక్కించేవాడట. డిస్కుల విషయంలోనూ అంతే. ఎవరు ఏ డిస్కు తెచ్చినా ముందు దానికి పూర్తి నకలు తీయాలి, ఏం చేసినా ఆ నకలు మీదే చేయాలి. పెద్ద డిస్కయితే నకలుకే ఒక పూట పోతుంది. అందుకే సగం మంది బస్టాండు దగ్గర చైతన్య దుకాణానికి పోతారు. అక్కడ ఏ జబ్బుకైనా డిస్కంతా తుడిచేసే ఫార్మాటే మందు, అరగంటలో ఇంటికి పోవచ్చు.

పోయిన మాఘమాసంలో ఒక గురువారం పొద్దున పదిగంటలకు హేమావతి ఆటోలో కంప్యూటర్ పెట్టె వేసుకుని వచ్చింది. నేతగాళ్ళకు కంప్యూటర్ మీద చీరల బార్డర్లు గీసిచ్చే మనిషి. పదకొండేళ్ళుగా ఆరువందల నలభై బార్డర్లు గీసిందని ఊళ్ళో అందరికీ తెలుసు. నాలుగు రోజుల ముందు కరెంటు ఎక్కువతక్కువలై ఆమె పాత కంప్యూటర్ కాలిపోయింది. డిస్కు మాత్రం బతికింది. భర్త రాజేంద్ర అనంతపురంలో ఒక సెకండ్‌హ్యాండ్ పెట్టె కొనుక్కొచ్చి, పాత డిస్కును తీసి అందులో బిగించాడు. స్విచ్ వేస్తే నల్ల తెర మీద ఒకటే తెల్ల వాక్యం. బూట్ అవడానికి డిస్కు దొరకలేదట.

"చైతన్య ఫార్మాట్ కొట్టల్ల అంటాండాడు తిప్పన్నా. నా ప్రాణమంతా దాంట్లోనే ఉండాది," అంది హేమావతి.

"ఫైళ్ళు తీసి వేరేదాంట్లో వేసుకుంటే సరిపోదా అమ్మా?"

"ఫైళ్ళు తీసి ఏం చేసుకోవల్ల? ఆ డిజైన్ సాఫ్ట్‌వేర్ దాంట్లో తప్ప ఇంక యాడా తెరుచుకోదు. అది ఎక్కించిచ్చినాయన ఇప్పుడు యాడుండాడో తెలీదు. డిస్కు ఎట్లుండేదో అట్లే లేయల్ల."

తొందర కూడా ఉంది. కుళ్ళాయప్ప అనే నేతగాడు కొత్త వార్పు, అంటే చీరకు నిలువు పోగుల పడుగు, ఎక్కించుకుని సోమవారం నుంచి మగ్గం ముందు ఊరికే కూర్చుని ఉన్నాడు. ఆరేళ్ళ కిందట ఒక పెళ్ళికి ఆయన నేసిన హంసల బార్డరే ఇప్పుడు ఆ ఇంటి రెండో అమ్మాయికీ కావాలన్నారు. అప్పటికింకా ఆయన మగ్గానికి అట్టలే. ఎలక్ట్రానిక్ జకార్డు వచ్చాక ఆ అట్టల్ని నీళ్ళు కాచుకోవడానికి పొయ్యిలో పెట్టేశారు. ఇప్పుడు హంసలు ఉన్నది హేమావతి డిస్కులో మాత్రమే. శనివారం మధ్యాహ్నం, పట్టు ఇచ్చి చీరలు నేయించుకునే షావుకారు మనిషి వచ్చి చూస్తాడు. మగ్గం మీద హంస కనిపించకపోతే వార్పు విప్పించి ఇంకో ఇంటికి పంపించేస్తాడు. కుళ్ళాయప్ప ఇంట్లో నలుగురికీ ఆ ఒక్క మగ్గమే ఆధారం.

మధ్యలో శుక్రవారం అమావాస్య. అమావాస్య నాడు ధర్మవరంలో మగ్గం ఆడదు, కొత్త డిజైన్ ఎక్కించే మాటే లేదు. అందుకని ఆ గురువారం సాయంత్రం లోపలే బార్డర్ చేతికి రావాలని హేమావతి పట్టు.

తిప్పన్న పెట్టెలోంచి డిస్కు ఊడదీసి చేత్తో బరువు చూశాడు. "పాతది. నకలు తీయడానికే ఆరేడు గంటలు పడతాది."

"నకలు తర్వాత తీసుకోన్నా. ముందు లేపు."

ఆయన ఒప్పుకోలేదు. అప్పుడు నేను గోడ ఇవతల నుంచి లేచి వెళ్ళాను. ఆ మాట అన్నది నేనే, దాచను. "ఏమప్పా, ఆడ ఒక మనిషి మగ్గం ముందర చేతులు కట్టుకుని కూర్చోనుంటే నీ నకలు గోలేంది? ఒక్క దినం తీయకపోతే కొంపలేం మునిగిపోవులే!"

తిప్పన్న నా వైపు చూసి, డిస్కును తిరిగి పెట్టెలో బిగించాడు.

పని మొదట్లో బాగానే సాగింది. పాత డిస్కు పాత పద్ధతిలో మేల్కొనేది, కొత్త పెట్టెకు కొత్త పద్ధతి డిస్కులే కంటికి ఆనుతాయి. తిప్పన్న సెట్టింగుల్లోకి పోయి, పాత పద్ధతి డిస్కునీ చూడమని మార్చాడు. ఈసారి తెర మీద కంపెనీ గుర్తు వచ్చింది, మరుక్షణం నీలం తెర పడి పెట్టె తనంతట తానే ఆగి మళ్ళీ మొదలైంది. నాలుగుసార్లు అదే తంతు. డిస్కుతో మాట్లాడే తీరు పాత పెట్టెలో ఒకటి, ఇందులో ఇంకొకటి అన్నాడు తిప్పన్న. ఆ సెట్టింగు కూడా పాత తీరుకు మార్చాడు. గుర్తు వచ్చి నిలబడింది. హేమావతి చేతులు జోడించింది. నేను టీ చెప్పాను.

ఆయన టీ గ్లాసు అందుకోవడానికి ఇటు తిరిగాడు. సరిగ్గా అప్పుడే తెర మీద ఇంకేదో వచ్చింది. డిస్కును తనిఖీ చేస్తానని, వద్దంటే పది సెకన్లలో ఏదైనా మీట నొక్కమని. పాత పెట్టె ఉన్నట్టుండి చచ్చిపోయింది కదా, డిస్కుకు ఆ అనుమానం ఉంటుందట. మేము ముగ్గురం టీ తాగుతున్నాం. తనిఖీ మొదలైంది.

"అన్నా, నా డిజైన్లే! పేర్లు వస్తాండాయి చూడు! కమలం, రుద్రాక్ష, జంట నెమలి... అన్నీ ఉండాయి!" హేమావతి కుర్చీలోంచి లేచి నిలబడింది. ఎన్నాళ్ళకో పుట్టింటివాళ్ళు కనిపించినట్టు ఒక్కో పేరూ పైకి చదువుతోంది.

తిప్పన్న గ్లాసు కింద పెట్టాడు. ప్రతి పేరుకు ముందూ ఒకే ఇంగ్లీషు మాట ఉంది. ఆయనకు అర్థమైంది, ఆమె చూడలేదు. దెబ్బతిన్న చోట్లలో ఉన్న పేర్లను ఆ తనిఖీ ఒక్కొక్కటిగా కొట్టేస్తోంది. ఆయన వంగి ప్లగ్గు పీకేశాడు. తెర ఆరిపోయింది.

"ఏమైందన్నా?"

"అవి కనబడతాండేవి కాదమ్మా. పోతాండేవి." ఆయన గొంతు మామూలుగానే ఉంది. "నకలు తీయకుండా లేపింది నేను. తప్పు నాది."

నేను నోరు తెరిచి నా తప్పు కూడా చెప్పాల్సింది. చెప్పలేదు. ఆ సిగ్గు నాకు ఇప్పటికీ ఉంది. హేమావతి చెప్పులు వేసుకుని, ఆటో కూడా పిలవకుండా నడిచి వెళ్ళిపోయింది. తిట్టి ఉంటే బాగుండేది.

ఆ సాయంత్రం తిప్పన్న చేయాల్సిన పద్ధతిలో పని మొదలుపెట్టాడు. నకలుకు పెట్టి ఇంటికి వెళ్ళాడు. అమావాస్య పొద్దున వచ్చి ఆ నకలుతో లేపితే కంప్యూటర్ మేల్కొంది, సాఫ్ట్‌వేర్ తెరుచుకుంది, నాలుగువందల తొమ్మిది బార్డర్లు చెక్కుచెదరకుండా ఉన్నాయి. రెండువందల ముప్పైఒకటి లేవు. కొట్టేసినవాటిని వెతికే సాఫ్ట్‌వేర్‌తో తవ్వితే కొన్ని దొరికాయి గానీ, తెరిస్తే పైన సగం బొమ్మ, కింద అంతా బూడిద రంగు. హంసల బార్డరు అలా కూడా దొరకలేదు.

ఆయన దుకాణం మూసి కుళ్ళాయప్ప ఇంటికి పోయాడు. ఆరేళ్ళ నాటి ఆ చీర నేశాక వార్పు చివర మిగిలిన జానెడు ముక్క ఏమైనా ఉందా అని అడిగాడు. కుళ్ళాయప్ప భార్య సుంకమ్మ ట్రంకుపెట్టె అడుగు నుంచి తీసి ఇచ్చింది. దేవుడి పటం కింద పరుద్దామని దాచుకుందట.

"అక్కా, షట్టర్ సగం దించు," అన్నాడు నా దుకాణానికి వచ్చి. "అమావాస్య నాడు పని చేస్తాండానని సందంతా కూడతారు. నేను పోగులు చెప్తా, నువ్వు గళ్ళు నింపు."

కాదనడానికి నాకు మొహం ఎక్కడుంది? కూర్చున్నాను. ఆయన భూతద్దం కింద ముక్కను పరిచి, సూదిమొనతో ఒక్కో పోగునూ కదిపి చూసి చెప్పాడు. "మూడు జరీ, ఐదు పట్టు, ఒకటి జరీ, పదకొండు పట్టు..." వరుస పూర్తయితే మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టేవాడు. నూట ఇరవై పోగుల వెడల్పు. వరుసలు ఎన్నో నేను లెక్కపెట్టలేదు. పన్నెండు గంటలకు నా నడుము పోయింది, మూడు గంటలకు కళ్ళు పోయాయి. ఒకచోట తొందరపడి రెండు వరుసలు ఒకేసారి నింపబోతే పెన్సిల్ పట్టుకుని ఆపాడు. ఆ మనిషి నిదానాన్ని పదేళ్ళుగా తిట్టుకున్నాను కదా, ఆ రోజు తిట్టుకోలేదు. దీపాలు పెట్టే వేళకు కాగితం మీద హంస తల ఎత్తి నిలబడింది.

శనివారం పొద్దున కంప్యూటర్ పెట్టెనూ ఆ కాగితాన్నీ హేమావతి ఇంట్లో పెట్టాడు. నేనూ వెంట వెళ్ళాను. గడప దగ్గరే, "ఆ దినం తొందర పెట్టింది నేనే హేమా," అన్నాను. ఆమె నా వైపు చూడలేదు, తిప్పన్న వైపూ చూడలేదు. కంప్యూటర్ ముందు కూర్చుని కాగితం చూస్తూ గళ్ళు ఎక్కించడం మొదలుపెట్టింది. చేయి చాలా వేగం. గంటన్నర తర్వాత ఆ చేయి ఆగింది.

"ఈడ తప్పుంది. రెండో హంసకు ముక్కు దగ్గర ఒక పోగు ఎక్కువుండాది."

గళ్ళు నింపింది నేనే కదా. తిప్పన్న జేబులోంచి గుడ్డముక్క తీసి, భూతద్దం పెట్టి, ఆ ముక్కు దగ్గర మళ్ళీ లెక్కపెట్టాడు.

"గుడ్డలో అట్లే ఉండాదమ్మా. ఉన్నది ఉన్నట్ల దింపినాం."

హేమావతి భూతద్దం లాక్కుని చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత నవ్వింది, నవ్వుతూనే కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

"నేనే పెట్టినా ఈ తప్పు. ఆరేండ్ల కింద. చీర నేసినాక చూసుకున్యా. కుళ్ళాయప్పకు కూడా చెప్పలేదు, భయమేసి. ఇన్నేండ్లూ ఎవరి కంటికీ పడలే." గుడ్డముక్కను బొటనవేలితో సవరించింది. "ఇది నాదే అన్నా. అచ్చం నాదే."

తప్పును సరిచేయలేదు. అక్క పెళ్ళిచీరకు ఎలా ఉందో చెల్లెలి చీరకూ అలాగే కావాలని ఆ పెళ్ళివాళ్ళు అన్నారు కదా. పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి ఇచ్చింది. పదకొండున్నరకల్లా కుళ్ళాయప్ప మగ్గం ఆడింది. షావుకారు మనిషి వచ్చేసరికి హంస కాళ్ళు కనిపిస్తున్నాయి. ఆయన చూసి, తల ఊపి, బండెక్కి వెళ్ళిపోయాడు.

మేము లేచి వస్తుంటే హేమావతి వెనక నుంచి పిలిచింది. ఒక నోట్‌బుక్కూ పెన్నూ తెచ్చి తిప్పన్న ముందు పెట్టింది.

"కూర్చో అన్నా. ఇంకా రెండువందల ముప్పై ఉండాయి. ఏ బార్డరు ఎవరింట్లో నేసినారో చెప్తా, రాసుకో. గుడ్డముక్కలు వాళ్ళకాడ ఉంటాయి."

తిప్పన్న కూర్చున్నాడు. నేను కూడా కూర్చున్నాను.