పెరటి పెంటపోగు ఖరీదు

పదేళ్ళపాటు ఆ పెంటపోగును చూసి సిగ్గుపడ్డాను. పెరటి గోడ వారగా మా అత్తయ్యగారు పెంచుకున్న పోగు అది. పేడ, కొబ్బరిపొట్టు, అరటిబోదెలు, కూరల తొక్కలు, అన్నీ అందులోకే. ఏటా పైపైన కొంచెం తీసి చెట్లకు వేయించేవారు. అడుగుది మాత్రం ఎవరినీ ముట్టుకోనిచ్చేవారు కాదు. "మాగనీ అమ్మా, పనికొస్తుంది" అనేవారు.

మొన్న వేసవిలో ఆవిడ రాజోలులో కూతురింటికి వెళ్ళి పదిహేను రోజులున్నారు. అదే అదనుగా పెరట్లో నాపరాళ్ళు పరిపించాలనుకున్నాను. ట్రాక్టరతను ఒకడు వచ్చి, "పోగు ఊరికే ఎత్తుకుపోతానండి" అన్నాడు. నా నెత్తిన పాలు పోసినట్టయింది. రెండు ట్రాక్టర్ల పెంట వెళ్ళిపోయింది. పాపం కష్టపడ్డాడని టిఫిను పెట్టి, కొత్తావకాయ సీసా కూడా చేతిలో పెట్టాను. అంత తెలివి నాది.

అత్తయ్యగారు తిరిగొచ్చి, ఖాళీ జాగా చూసి అరుగు మీద కూలబడ్డారు. తోటలో ముసలి చెట్లు కొట్టించిన చోట, కొత్త కొబ్బరి మొక్కలకని ముప్పై గోతులు తీయించి ఉంచారు. ఆ పోగును దాచింది వాటికోసమేనట. నాకెవరూ చెప్పలేదు. నిజం చెప్పాలంటే నేనూ ఏనాడూ అడగలేదు.

"వానలు ముదిరేలోగా నాటకపోతే ఈ ఏడాదికి అంతేనమ్మా" అన్నారు. తిట్టినా బాగుండేది.

మర్నాడే ఇద్దరం అమలాపురంలో మొక్కలమ్మే దుకాణానికి వెళ్ళాం. అయిదు కిలోల ఎరువు సంచి వంద రూపాయలన్నాడు దుకాణదారు. కిలో ఇరవయ్యా! మా తోట కొబ్బరికాయకే ఒక్కోసారి అంత రాదు.

"చెత్తే కదండీ, అంత ధరేంటి?" అన్నాను.

"మరి ఖర్చులుండవాండి? ఆరబెట్టాలి, జల్లెడ పట్టాలి, సంచులకెత్తాలి. కూలీ, కిరాయీ ఉన్నాయాయె. ఈ సరుకు మాత్రం కలిసొచ్చిందండి, ఏళ్ళ తరబడి మాగిన పెంట. ఎవరో అమ్మగారు ఊరికే ఇచ్చేసి, పైగా మా ట్రాక్టరోడికి ఆవకాయ కూడా పెట్టేరంటండి!"

నేను మెల్లిగా అత్తయ్యగారి వెనక్కి జరిగాను.

"ఆయ్. ఆవిడ మా కోడలేనండి" అన్నారు అత్తయ్యగారు, నెమ్మదిగా.

దుకాణదారు ముఖం మాడిపోయింది. గబగబా ఓ సంచి తెచ్చి, "ఇది ఊరికే తీసుకెళ్ళండమ్మగారూ" అన్నాడు.

"వద్దు బాబూ. ఊరికే ఇస్తే ఏమవుద్దో మా ఇంట్లో చూసేం కదా" అని ఆవిడ వంద నోటు అతని చేతిలో పెట్టారు.

ఇంటికొచ్చి సంచి విప్పి మొదటి గోతిలో కుమ్మరించాను. అడుగు కూడా సరిగా కప్పలేదు. అత్తయ్యగారు వంగి చూసి, ఖాళీ సంచి మడిచి నాకిచ్చారు.

"ఇంకా ఇరవై తొమ్మిది ఉన్నాయమ్మా" అన్నారు.