పెళ్ళికి ముందే పోయిన మొగుడు

ఆ రోజుల్లో మా వైపుకు సినిమావాళ్ళు వచ్చారంటే ఎవరో ఒకరు చావాల్సిందే. తెర మీద సంగతే చెబుతున్నాను లెండి. కర్నూలు, కడప జిల్లాలకు వచ్చి పూలతోటలో పాట తీసుకుని వెళ్ళినవాళ్ళను నేనైతే చూడలేదు. జీపులు వస్తాయి, దుమ్ము లేస్తుంది (లేవకపోతే పెద్ద ఫ్యాను పెట్టి లేపుతారు), కొడవళ్ళు దిగుతాయి, తెల్ల చొక్కాల మీద ఎర్రరంగు చల్లుతారు, పని కాగానే మూటాముల్లె సర్దుకుని వెళ్ళిపోతారు. అలాంటి చావుల్లో ఒకదాని పుణ్యమా అని నేను నటినయ్యాను. ఇప్పుడు హైదరాబాదులో సీరియళ్ళు చేసుకుంటున్నాను. వృత్తిరీత్యా ఇప్పటికి తొమ్మిదిసార్లు భర్తను పోగొట్టుకున్నాను. ఇంట్లో ఉన్న అసలు భర్త దీనికి బాగా అలవాటుపడిపోయి, సాయంత్రం ఫోను చేసి "ఈరోజు ఉన్నానా, పోయానా?" అని కనుక్కుంటాడు. అయితే మొదటి మొగుడు పోయింది మాత్రం నా పందొమ్మిదో ఏట, పెళ్ళి కాకముందే. మా ఊళ్ళో, మా వీధి చివర, మా అమ్మ కళ్ళెదుటే పోయాడు.

మా ఊరు బనగానపల్లెకు దగ్గర. నేనప్పుడు నంద్యాలలో డిగ్రీ రెండో సంవత్సరం. కాలేజీలో ఏకపాత్రాభినయానికి రెండో బహుమతిగా స్టీలు డబ్బా వచ్చింది (పోటీ చేసింది ఇద్దరమే). ఆనాటి నుంచీ నేను పుట్టిందే నటించడానికని నాకు గట్టి నమ్మకం కుదిరింది. మా నాయన మామిడితోటల మనిషి. సినిమా మాటెత్తితే వినబడనట్టు లేచి తోటకు వెళ్ళేవాడు. జేజికి, అంటే మా నాయనమ్మకు, ఆ మాట బాగానే వినబడేది. "మొగానికి రంగేసుకోని ఊర్లమింద పడతాదంట! బి.ఇడి. జేసి పిల్లోళ్ళకు పాఠాలు జెప్పుకోమను" అని వక్క నములుతూ తీర్పు చెప్పేది. ఇంట్లో జేజి తీర్పు మీద ఇంకో తీర్పు ఉండేది కాదు.

ఆ వేసవి సెలవుల్లో మా వీధి చివరి పెద్ద మిద్దెను ఒక సినిమా కంపెనీవాళ్ళు మాట్లాడుకున్నారు. ఊరంతా చావు సీను జనంలో నిలబడటానికి ఎగబడింది. నేనూ ఏడ్చే ఆడవాళ్ళలో వెనక వరసలో కొంగు నోట్లో కుక్కుకుని నిలబడ్డాను. మూడో రోజున, హతుడి చిన్న వయసు భార్యగా వేయాల్సిన హైదరాబాదు అమ్మాయికి వడదెబ్బ తగిలింది. మా ఎండలు మనిషిని చూసి తగిలేవి కావు. సహాయ దర్శకుడొకాయన ఉండేవాడు, ఎప్పుడూ టోపీ తీయడు కాబట్టి మేమాయన్ను టోపీ సారు అనేవాళ్ళం. ఆయన ఆడవాళ్ళ వరసలన్నీ తిరిగి చూసి నా దగ్గర ఆగాడు. "ఏడవడం వచ్చా?" అన్నాడు. వచ్చన్నాను. "నన్నెవురికి ఇడిసిపెట్టి పోయినావయ్యా" అనే ఒక్క మాట చెప్పించుకుని, "సీమ యాస సరిగ్గా పడటం లేదమ్మా" అన్నాడు. ఆయనది భీమవరం. ఆయన దగ్గర మా ఊరి యాస ఓ పావుగంట నేర్చుకున్నాను. అప్పుడు బాగుందన్నాడు.

ఇంటికి పరుగున వచ్చి చెప్పాను. నాయన ఈసారి తోటకు పోలేదు. "ఒక్కతూరి పాపా. బాగా జేసినావనుకో, ఇంగ నేను అడ్డం రాను. వద్దని పంపిచ్చినారనుకో, సినిమా మాట మళ్ళీ ఎత్తగూడదు. బి.ఇడి.కి పోవాల. సరేనా?" అన్నాడు. సరే అన్నాను. ఎంత ఉదారంగా అన్నానంటే, నా భవిష్యత్తంతా మర్నాటి ఒక్క మధ్యాహ్నం మీద పెట్టేశానన్న సంగతి అన్నం తినేటప్పుడు గాని తట్టలేదు. అప్పుడే అమ్మ, "ఇంతకీ ఏం యేషమే?" అంది. మొగుడు చచ్చిపోయిన పెళ్ళామని, బొట్టు తుడిచి గాజులు పగలగొడతారని చెప్పాను. అమ్మ చేతిలో గరిటె పప్పులో ఆగిపోయింది.

"పెండ్లిగాని పిల్లకు బొట్టు తుడిసేదేందే? యాడన్నా ఉండాదా?"

"యాక్టింగు మా అది."

"యాక్టింగైతే నొసలు నీది గాదా?"

జేజి మధ్యలో కలగజేసుకుని కొడుకును నాలుగు తిట్టి, నాతో మాట్లాడటం మానేసింది. నాయన మాట ఇచ్చేశాడు కనుక అమ్మ అడ్డుచెప్పలేక, తన దారి తాను వెతుక్కుంది. పొద్దున్నే నన్ను దేవుడి ముందు కూర్చోబెట్టి నుదుటిన కుంకుమ గట్టిగా అద్దింది. దాని మీద పెద్ద స్టిక్కరు బొట్టు అంటించింది. నా గాజులను మోచేతి పైదాకా తోసి జాకెట్టు చేతుల్లో దాచి, కింద కంపెనీవాళ్ళ గాజులకు చోటు చేసింది. "పగలగొట్టుకుంటే వాళ్ళవి పగలగొట్టుకుంటారు" అంది. ఇంత పకడ్బందీగా వైధవ్యానికి సిద్ధమైన ఆడది ఇంకొకతె ఉండదు.

నా భర్తగా వేసినాయనకు నలభై అయిదు దాటి ఉంటాయి. పెద్ద మీసాలు. ముక్కుల్లో దూది, ఛాతీ మీద రంగు, కాళ్ళ బొటనవేళ్ళకు కట్టు. షాటుకూ షాటుకూ మధ్య లేచి మజ్జిగ తాగి, మళ్ళీ వెళ్ళి చచ్చిపోయేవాడు. నాకు ధైర్యం కూడా ఆయనే చెప్పాడు. "భయపడకమ్మా, నేనున్నాను కదా" అన్నాడు. నా చుట్టూ ఏడవడానికి, బొట్టు తుడవడానికి మా వీధి ఆడవాళ్ళనే అయిదుగుర్ని ఎంచారు. టోపీ సారు చూసిందల్లా నిండుగా, లక్షణంగా ఉన్నారా లేదా అని. అందుకని ఏరి ఏరి అయిదుగుర్నీ ముత్తయిదువల్నే తెచ్చాడు. మా వైపు ఆ పనికి ముత్తయిదువలు దరిదాపుల్లోకి రారని, వాకిట్లోంచే తప్పుకుంటారని ఆయనకెవరూ చెప్పలేదు. ఆయనా అడగలేదు. (యాస మటుకే నేర్చుకున్నాడు పాపం.)

మొదటి టేకు. నాకు పెద్దమ్మ వరసయ్యే ఒకామె శోకం పెడుతూ వచ్చింది. ఊళ్ళో నిజం చావులకు పేరున్న గొంతు ఆమెది, లైటు పట్టుకున్నవాళ్ళు కూడా ముక్కు చీదారు. నా నుదుటి మీద చెయ్యి వేసి స్టిక్కరు పీకింది. కింద కుంకుమ నిగనిగలాడుతోంది. దర్శకుడు గొడుగు కిందనుంచి "కట్" అని, మానిటర్లోకి వంగి చూసి, "ఆ అమ్మాయికి ఎన్ని బొట్లున్నాయి?" అని అడిగాడు.

రెండో టేకు. స్టిక్కరు తీసేశారు, కుంకుమే మిగిలింది. పెద్దమ్మ మళ్ళీ అంతకన్నా బాగా ఏడుస్తూ వచ్చి, నా నుదుటి దాకా చెయ్యి తెచ్చి, టక్కున ఏడుపు ఆపి కెమెరా వైపు తిరిగింది. "సార్, పాప కన్నెపిల్ల సార్. ఇంగేమన్నా జెప్పండి, జేస్తా."

మూడో టేకుకు ఇంకొకామెను బతిమాలి ఒప్పించారు. ఆమె కళ్ళు గట్టిగా మూసుకుని వచ్చి, నుదురనుకుని నా చెంప తుడిచింది. తుడిచి, చెయ్యి ఊరుకోక, రెండు చేతుల్తో నా తల చుట్టూ తిప్పి తన కణతల మీద మెటికలు విరుచుకుంది. "నూరేండ్లు సల్లగుండు తల్లీ" అని మొగుడి శవం పక్కన నన్ను దీవించింది. శవం నవ్వింది.

దర్శకుడు కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. చేతి గడియారం చూసుకుని, "ఇంకొక్కసారి చూద్దాం. కాకపోతే ఆ పిల్లను పంపించేయండి, షాటు శవం మీదే తీసుకుని ముందుకు పోదాం" అన్నాడు. జనం వెనక నాయన కండువా భుజాన వేసుకుని నేల చూస్తున్నాడు. నాకు బి.ఇడి. కాలేజీ, నల్లబల్ల, చాక్పీసులు అన్నీ వరసగా కనబడ్డాయి. ముత్తయిదువలు అయిదుగురూ ఒకరి వెనక ఒకరు నక్కారు. టోపీ సారు మొదటిసారి టోపీ తీశాడు.

అప్పుడు ఎదురింటి అరుగు మీదనుంచి జేజి లేచింది. నాతో మాట్లాడకపోయినా చూడ్డానికి వచ్చినట్టుంది. నోట్లో వక్క ఉమ్మేసి, కొంగు నడుముకు చుట్టుకుంటూ నాపరాళ్ళ మీద నెమ్మదిగా నడిచి వచ్చింది.

"జరగండే. నేను తుడుస్తా."

"అత్తా, నువ్వా!" అంది అమ్మ.

"ఇంగెవురు తుడుస్తారు? తుడిపిచ్చుకున్నదాన్ని, నాకు దెలుసు. ఏమప్పా టోపీ, ఏదో అంటావే, అను."

టోపీ సారు తడబడుతూ యాక్షన్ అన్నాడు. జేజికి శోకం పెట్టమని ఎవరూ చెప్పలేదు, ఆమె పెట్టనూలేదు. నా ఎదుట చతికిలబడి, ముందు నా చేతులు రెండూ తీసుకుని మణికట్టూ మణికట్టూ తాటించింది. కంపెనీ గాజులు చిట్లి రాళ్ళ మీద పడ్డాయి, నాకు గీత కూడా పడలేదు. తర్వాత ఎడమచేత్తో నా తల వెనక పట్టుకుంది. కుడిచేతి బొటనవేలితో, కంట్లో నలుసు తీసేటంత మెల్లగా నా బొట్టు తుడవసాగింది. కెమెరాకు వినబడకుండా నా చెవి దగ్గర మాట్లాడింది.

"బయపడాకు పాపా. నాకు శానా గట్టిగా రుద్దినారు. నొసలు మూడు దినాలు మండె. మీ నాయనకు ఆర్నెల్లు. వాడు పాలకేడుస్తాంటే వాన్ని ఎత్తుకోని కూచ్చుంటి. నాకు ఏడ్సేకి గూడా కాలా. నువ్వు ఏడు."

ఏడ్చాను. ముందురోజు అద్దం ముందు వేసిన ఏడుపు కాదది. నోరు వంకరపోయి, ముక్కు కారి, వెక్కిళ్ళొచ్చి, భీమవరం సారు దగ్గర నేర్చుకున్న డైలాగు మొత్తం మర్చిపోయి ఏడ్చాను. జేజిని గట్టిగా పట్టుకుని, ఇరవై రెండేళ్ళకే విధవైన ఆమె మొగుడి కోసం, నేనెన్నడూ చూడని మా తాత కోసం ఏడ్చాను. దర్శకుడు చాలాసేపు కట్ చెప్పలేదు. చెప్పగానే అమ్మ కుంకుమ భరిణెతో దూసుకొచ్చి నా నుదుటి మీద అంగుళం మేర పూసేసింది. నాయన ఇచ్చిన మాట మీద నిలబడ్డాడు. రాత్రి భోజనాల దగ్గర, "హైదరాబాదులో హాస్టల్లు ఎట్లుంటాయో కనుక్కోవాల" అన్నాడంతే. జేజి ఇంకో గరిటె పెరుగు వేయించుకుని తింది.

సినిమాలో ఆ సీను నాలుగు క్షణాలుంది. ఎక్కువభాగం నా భర్త మీసాలే కనబడతాయి. అయినా ఆ నాలుగు క్షణాలే నాకు రెండో వేషం తెచ్చాయి, అది మూడోది తెచ్చింది. గ్లిజరిన్ లేకుండా ఎలా ఏడుస్తారని ఎవరడిగినా, "పాత్రలో లీనమైపోతానండీ, మొదటినుంచీ అంతే" అని చెప్పుకున్నాను. ఒకసారి టీవీ వాళ్ళ ముందు కాలు మీద కాలేసుకుని మరీ చెప్పాను. జేజి అది చూసి, "బాగా జెప్పినావు పాపా" అంది. నిజంగానే అందనుకున్నాను.

జేజి పోయి మూడేళ్ళవుతుంది. మొన్న పెద్దమ్మ కొడుకు, పాత ఫోన్లో దొరికిందని ఆనాటి వీడియో ఒకటి పంపాడు. సీను లేదు, కట్ అన్న తర్వాత అర నిమిషం మాత్రమే ఉంది. జనమంతా చప్పట్లు కొడుతున్నారు. శవం కూడా లేచి కూర్చుని కొడుతోంది. నుదుటి నిండా కుంకుమతో ఒక బక్కపిల్ల నాలుగు దిక్కులకూ తిరిగి దండాలు పెడుతోంది. ఆ పిల్ల కాళ్ళ దగ్గర, అందరూ వట్టికాళ్ళతో తిరిగే చోటని కాబోలు, జేజి గొంతుకూర్చుని పగిలిన గాజు ముక్కలు ఒక్కొక్కటే ఏరి కొంగులో వేసుకుంటోంది. నాకు సిగ్గూ వచ్చింది, నవ్వూ వచ్చింది. ఒక్కసారి వెనక్కి తిరిగవే పిల్లా అని ఫోన్లోకే చెప్పాను. ఎక్కడ తిరుగుతుంది? పందొమ్మిదేళ్ళు, చప్పట్లన్నీ తనకేననుకుంది. వీడియో ఆగేదాకా దండాలు పెడుతూనే ఉంది.